కదిరి తేరు: కరువు నేల మీద ఒక ఊరి కట్టుబాటు

అనంతపురం అనగానే బయటి ఊళ్ళవాళ్ళకు ముందు గుర్తొచ్చేది కరువు. అందులో తప్పేమీ లేదు. నైరుతి రుతుపవనాలు తమ నీళ్ళలో ఎక్కువ భాగం పడమటి కనుమల మీదే కురిసి, మన మెట్టకు ఉత్త మబ్బుల్ని పంపుతాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తా దాటి ఇక్కడికి చేరేసరికి నీరసపడతాయి. ఉమ్మడి జిల్లా సగటు వర్షం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ రైతుకు కావాల్సిన రోజున పడుతుందన్న నమ్మకం లేదు.

ఇటువంటి నేల మీద కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ప్రతి ఫాల్గుణంలో పదిహేను రోజుల పాటు జరుగుతాయి. తేరు రోజు తిరువీధుల్లో ఇసుక వేస్తే రాలదు. మనం బడిలో చదువుకున్న రోజుల్లో ఆ రోజు హాజరు పట్టీ ఎట్లుండేదో మన అయ్యవార్లకు గుర్తుండే ఉంటుంది. ఇంత తక్కువ వాన కురిసే చోట ఇంత పెద్ద ఉత్సవం ఇన్ని వందల ఏళ్ళు ఎట్లా నిలిచింది? చాలా ఏళ్ళ తర్వాత మొన్నటి ఫాల్గుణంలో తేరు చూడబోయినప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. నేను ఇంజనీరును, చరిత్రకారుణ్ణి కాను. ఏదైనా యంత్రం చాలాకాలం పని చేస్తూ ఉంటే, దాన్ని ఏది నిలబెడుతోందని వెతకడం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటుతోనే ఈ నాలుగు మాటలు.

ముందు ఊరి పేరు. ఖదిర అంటే చండ్ర చెట్టు. తక్కువ నీటితో బతికే మెట్ట అడవి చెట్టు, చేవ గల గట్టి కలప. తాంబూలంలో వేసుకునే కాచు ఆ చెట్టుదే. ఆ చెట్ల మధ్య వెలిసిన స్వామి గనుక ఖాద్రి నరసింహుడని ఒక మాట. ‘ఖ’ అంటే విష్ణుపాదం, ‘అద్రి’ అంటే కొండ, పాదం మోపిన కొండ గనుక ఖాద్రి అని ఇంకొక మాట. హిరణ్యకశిపుణ్ణి చంపిన తర్వాత స్వామి ఉగ్రం చల్లారడానికి దేవతలు స్తోత్రం చేసిన కొండ ఇదేననీ, అందుకే దీనికి స్తోత్రాద్రి అని పేరనీ స్థలపురాణం చెబుతుంది. ఇక్కడ స్వామి పక్కన ప్రహ్లాదుడు ఉంటాడు. ఉత్సవమూర్తిని వసంతవల్లభుడంటారు. ఆ విగ్రహాలు భృగు మహర్షికి కోనేటిలో దొరికాయని కథ. ఆ కోనేరే భృగుతీర్థం.

పురాణం సంగతి అట్లుంచి, కాలం తేల్చడానికి ఒక గట్టి ఆధారం అన్నమయ్య. ఆయన కదిరి నృసింహుని మీద సంకీర్తన చెప్పాడు. అన్నమయ్య జీవితకాలం 1408 నుంచి 1503 వరకు. అంటే ఆయన నాటికే ఈ స్వామి పేరు తాళ్ళపాక దాకా, తిరుమల దాకా తెలిసిన పేరు. గుడి మంటపాల్లోని రాతి స్తంభాల పనితనం విజయనగర కాలాన్నే గుర్తు చేస్తుంది.

ఆ విజయనగరం తర్వాత ఏమైందో మనకు తెలిసిందే. 1565లో తళ్ళికోట దగ్గర ఓటమి. రాజధాని హంపీ నుంచి పెనుకొండకు వచ్చింది, అక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. ఆ తర్వాత ఈ సీమ మీద గోల్కొండ సేనలు, మరాఠాలు, కడప నవాబులు, హైదర్ అలీ, టిప్పు సుల్తాను ఒకరి తర్వాత ఒకరు నడిచారు. నడుమ పాలెగాళ్ళు. ఆపైన ఈ ప్రాంతం నిజాం చేతికి పోయింది. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. 1800 నుంచి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ళ బలాన్ని అణచివేశాడు. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలో ఉండి, అప్పుడు అనంతపురంలో కలిసింది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఇన్ని జెండాలు మారాయి. రాజుల అండతోనే బతికే ఉత్సవమైతే ఇన్ని మార్పుల మధ్య ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉండాలి.

దాన్ని నిలబెట్టిన వాటిలో మొదటిది పంచాంగం అని నాకు తోస్తుంది. ఈ సీమలో వేరుశనగ విస్తారంగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. అంతకు ముందు జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక, రాగి. తొలకరికి విత్తి, మార్గశిర పుష్యాల నాటికి కోసి, నూర్చుకుని, గాదెకో పాతరకో చేర్చుకునే పంటలు. ఫాల్గుణం వచ్చేసరికి కళ్ళం ఖాళీ. ఎద్దుకూ మనిషికీ తీరిక. ఇంట్లో ఎంతో కొంత గింజ ఉంటుంది. ఎండలు ఇంకా ముదరవు. మెట్ట రైతు చేతులు ఖాళీగా, కడుపు నిండుగా ఉండే నెల ఏడాదిలో ఏదైనా ఉందంటే అది ఇదే. పున్నమి కాబట్టి రాత్రి బండ్లు కట్టుకుని రావడానికి వెన్నెల కూడా ఉంటుంది. దీన్ని ఎవరో కూర్చుని లెక్క వేశారని నేను అనను. కానీ నేల లెక్కకు కుదరని ఉత్సవమైతే ఈ నేల దాన్ని ఇంతకాలం మోయదు.

రెండోది తేరే. పున్నమి దాటాక, వాహన సేవలన్నీ ఒకటొకటిగా అయ్యాక తేరు కదులుతుంది. దగ్గరికి వెళ్ళి చూశాను. నగిషీలు చెక్కిన చెక్క అంతస్తులు, వాటి కింద భారీ చక్రాలు, ఇరుసులు. ఈ తరహా తేర్లకు మన మోటారు బండ్లకున్నట్టు మలుపు తిప్పే ఏర్పాటు ఉండదు. ఇరుసు బిగించి ఉంటుంది, చక్రం తిన్నగానే పోతుంది. బ్రేకు కూడా ఉండదు. ఆగి ఉన్న అంత బరువును కదిలించడానికి కావాల్సిన బలం, కదిలాక లాగడానికి కావాల్సిన దానికంటే చాలా ఎక్కువ. అందుకే వందల మంది మోకులు పట్టుకుని ఒకే గోవింద నామం మీద, ఒకే క్షణంలో లాగాలి. ఒకరు ముందు, ఒకరు వెనక లాగితే తేరు కదలదు, మోకు మాత్రం ఊగుతుంది.

కదిలిన తర్వాత అసలు పని చక్రాల దగ్గర ఉంటుంది. కొయ్యమొద్దులు పట్టుకున్న మనుషులు కొద్దిమంది చక్రాల పక్కనే నడుస్తుంటారు. తేరు ఒక పక్కకు ఒరిగిపోతుంటే ఆ పక్క చక్రం కింద మొద్దు వేస్తారు. చక్రం మొద్దును కరుస్తుంది, మొద్దు నేలను గీసుకుంటూ పోయి వేగం తగ్గుతుంది. వీధి మూల తిరగాలంటే ఒక వైపు చక్రాన్ని మొద్దుతో అడ్డగించి, రెండో వైపు లాగిస్తారు. కొద్దికొద్దిగా, జానెడు జానెడుగా తేరు ముఖం తిరుగుతుంది. మొద్దు ఎప్పుడు వేయాలి, ఏ వాలున వేయాలి, చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి, ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. ఒక పెద్దాయనను పక్కకు పిలిచి ఎట్లా నేర్చుకున్నావని అడిగాను. వాళ్ళ నాయన వెనకాల నడిచి నేర్చుకున్నానన్నాడు. లాగేది ఊరంతా, ఆపేది మేము అని నవ్వాడు. నలభై టన్నుల క్రేన్ల దగ్గర పని చేసినవాణ్ణి, ఆ మాటకు నాకు జవాబు దొరకలేదు. యంత్రాన్ని నడిపించే బలం ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని అదుపులో పెట్టే నేర్పు మాత్రం కొద్దిమంది చేతుల్లోనే ఉంటుంది, ఆ చేతుల నుంచే మరో తరానికి పోతుంది.

మూడోది మిరియాలు. కదిరి తేరు మీద జనం దవనమూ మిరియాలూ చల్లుతారు. కింద రాలిన మిరియాలను ఏరుకుని ప్రసాదంగా నోట్లో వేసుకుంటారు, జబ్బులు పోతాయని నమ్మకం. చిన్నప్పుడు మనమంతా ఏరుకున్నవాళ్ళమే. కానీ మిరియం మన నేల పంట కాదు. పడమటి కనుమల అవతలి తోటల్లో కాసి, కనుమలు దాటి బండ్ల మీద, ఎడ్ల మీద మన సంతలకు వచ్చేది. మరి పండని సరుకును ఎందుకు చల్లుతున్నాం? ఇందులో నాకు ఒక చరిత్ర కనిపిస్తుంది. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి వచ్చింది. వాస్కోడగామా కేరళ తీరానికి చేరింది 1498లో. అంటే అన్నమయ్య కదిరి స్వామిని పాడేనాటికి మన వంటింట్లో మిరపకాయ లేదు. కారమంటే మిరియమే. దగ్గుకు, జలుబుకు, అజీర్ణానికి మందు కూడా మిరియమే. ఆనాటి ఇంట్లో అది విలువైన సరుకు. అటువంటిదాన్ని దేవుడి తేరు మీద చల్లడం అంటే ఉన్నదాంట్లో మంచిది ఇవ్వడం. ఇది నా ఊహ మాత్రమే, శాసనం కాదు. కానీ గుంటూరు మిరపకాయ రాజ్యమేలుతున్న ఈ కాలంలో కూడా కదిరి చెయ్యి మిరియం కోసమే వెతకడం చూస్తే, ఊరు తనకు తెలియకుండానే పాత వంటింటిని గుర్తు పెట్టుకుందనిపిస్తుంది.

నాలుగోది, అందరి పాలు. కదిరి తేరు రోజున ముస్లిం కుటుంబాలు కూడా వచ్చి మిరియాలు చల్లడం ఈ ఊళ్ళో వింత కాదు. ఇదే సీమలో నార్పల దగ్గర గూగూడులో మొహర్రంకు కుళ్ళాయిస్వామి పీర్లను చూడ్డానికి హిందువులు వేలల్లో పోతారు. ఇక గుళ్ళూ తీర్థాలూ తిరిగేవాళ్ళను ఎగతాళి చేసిన వేమన సమాధి కటారుపల్లెలో ఉంది, మన కదిరి పక్కనే. ఆ సమాధి దగ్గరా ఏటా ఉత్సవం జరుగుతుంది. మొక్కేవాణ్ణీ, మొక్కెందుకని అడిగినవాణ్ణీ ఇద్దర్నీ తనవాళ్ళే అనుకున్న సీమ ఇది. ఏ ఒక్కరి సొత్తు కాని ఉత్సవాన్ని ఏ ఒక్కరి పతనమూ ఆపలేదు.

కరువు మాత్రం తన పని తాను చేస్తూనే వచ్చింది. 1876–78 నాటి ధాతు కరువు మద్రాసు రాజధానిలో లక్షల మందిని మింగింది. ఆ తర్వాత 1890 దశకం మొదట్లో ధర్మవరం–పాకాల మీటర్‌గేజి రైలు కదిరి మీదుగా వచ్చింది. ఆ రైలు రెండు పనులు చేసింది. తిరునాళ్ళకు జనాన్ని తెచ్చింది, పని వెతుక్కునే జనాన్ని తీసుకుపోయింది. ఈ రెండో పని ఇప్పుడు బస్సులు ఇంకా ఎక్కువగా చేస్తున్నాయి. ఒక్క పంట మీద, అదీ వేరుశనగ మీద ఆధారపడిన ఊళ్ళ నుంచి బెంగళూరుకు, గల్ఫుకు పోయినవాళ్ళు మన తరగతిలోనే ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకోండి.

అయితే ఈ నేల ఇతరులకు ఇచ్చింది కూడా ఉంది. కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పుట్టిన వేరుశనగ రకాలు, ముఖ్యంగా కదిరి-6, మన రాష్ట్రం దాటి ఎన్నో చోట్ల విత్తారు. కదిరి ఎక్కడుందో తెలియని రైతుకు కూడా కదిరి విత్తనం తెలుసు. ఇప్పుడు హంద్రీ–నీవా కాలువ శ్రీశైలం నుంచి ఎత్తిన కృష్ణా నీళ్ళను చెర్లోపల్లి రిజర్వాయరు దాకా తెచ్చింది. ఆ నీళ్ళు నిలకడగా వస్తే పంటలు మారతాయి, తీరిక నెలలు మారతాయి. రెండో పంట పచ్చగా ఉన్న ఫాల్గుణంలో రైతు తేరుకు ఎట్లా వస్తాడో చూడాలి. రావాలనే నా కోరిక. పొలం పచ్చగా ఉండటం వల్ల రాలేకపోతే, ఆ లోటును స్వామి కూడా మన్నిస్తాడు.

తేరు చూసిన రోజు నుంచి నన్ను వదలని సంగతి మాత్రం వేరే ఉంది. ఊరి బయట ఉన్నవాళ్ళం మోకు పట్టుకోవడానికి ఏడాదికి ఒకసారి వస్తున్నాం. మొద్దు వేసే నేర్పు నేర్చుకోవడానికి మాత్రం ఏడాదికి ఒక రోజు చాలదు. ఆ పెద్దాయన కొడుకు బెంగళూరులో డ్రైవరు. తేరు రోజున సెలవు పెట్టి వస్తాడు గానీ, చక్రం పక్కన నడవడానికి తండ్రి ఇంకా ఒప్పుకోలేదట. లాగే జనం ఏటేటా పెరుగుతున్నారు. ఆపేవాళ్ళు పెరుగుతున్నారా? హైడ్రాలిక్ బ్రేకులు బిగించవచ్చు, చాలా చోట్ల బిగించారు కూడా. ప్రాణాల రక్షణ కోసం అది అవసరమైతే నేనే ముందు ఓటు వేస్తాను. కానీ బ్రేకు బిగించేముందు, ఇన్ని వందల ఏళ్ళు అది లేకుండా ఎట్లా నడిపారో రాసి పెట్టుకోవడం మన బాధ్యత.

అందుకే మన సంఘానికి స్వర్ణోత్సవ సందర్భంగా ఒక చిన్న సూచన. వచ్చే ఫాల్గుణంలో మన బడి తొమ్మిదో తరగతి పిల్లలను నాలుగు జట్లుగా తిరువీధుల్లోకి పంపుదాం, ఒక్కో జట్టుకు ఒక అయ్యవారు తోడుగా. మోకు ఎవరు పేనుతారు, మొద్దు ఏ కలపతో చేస్తారు, ఏ మూలలో తేరు ఎంతసేపు ఆగుతుంది, దవనం ఎక్కడి నుంచి వస్తుంది, మిరియాలు అమ్మేవాళ్ళు ఎన్ని తరాలుగా అమ్ముతున్నారు, అలుకోత్సవం నాడు అమ్మవారి అలుక తీర్చే మాటలు ఎవరు పలుకుతారు, ఇవన్నీ అడిగి రాసుకు రమ్మందాం. మార్కులు వద్దు, పోటీ వద్దు. ఆ నోటుపుస్తకాలను బడి గ్రంథాలయంలో ఒక అలమరలో పెడదాం. అలమర, పుస్తకాల ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. మొదటి పేజీకి ఆ పెద్దాయనను ఇప్పటికే అడిగాను. చేతిలో మొద్దు లేకుండా చెప్పడం రాదన్నాడు. పిల్లలను చక్రానికి దూరంగా నిలబెడితే, చేసి చూపిస్తానన్నాడు.