దుర్బీన్ ఆపరేషన్ చరిత్ర, మన నిధి పుస్తకంలో లేని గడి



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న చాలామంది చూసే ఉంటారు. "అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయట, దుర్బీన్ ఆపరేషన్‌కు ఏ ఆస్పత్రి మంచిది?" గంట తిరగకముందే జవాబులు కుప్పపడ్డాయి. మా వదినను రెండో రోజే ఇంటికి పంపించారని ఒకరు, కుట్లు కనబడనే కనబడవని ఒకరు, ఖర్చు తక్కువని ఇంకొకరు. అందరూ మంచి మనసుతో చెప్పినవే. కానీ ఆ రాత్రి నిధి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాక, ఆ జవాబుల్లో ఒక్కటి కూడా తమ్ముడు అడిగినదానికి జవాబు కాదని మాకు తెలిసొచ్చింది.

మన వైద్య సహాయ నిధి పుస్తకంలో ఉన్న గడులు ఇవి: పేరు, చాల్ నంబరు, ఆస్పత్రి, ఇచ్చిన సొమ్ము, చేరిన తేదీ, ఇంటికొచ్చిన తేదీ. అంతే. ఇందులో ఒక అక్క పేరు ఉంది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాం. పేరూ చెప్పం, ఆస్పత్రి పేరూ చెప్పం. చేరిన రోజు, ఇంటికొచ్చిన రోజు మధ్య తేడా రెండు రోజులు. పక్కన మా చేతిరాతతోనే "బాగైంది" అని ఉంది. ఆరో రోజు ఆ అక్కకు కళ్లు పచ్చబడ్డాయి, జ్వరం పట్టుకుంది. కాలేయం నుంచి పేగుకు పసరు తీసుకెళ్లే పెద్ద గొట్టానికి క్లిప్పు పడిందని వేరే ఆస్పత్రిలో తేలింది. మళ్లీ పెద్ద కోత, నెలల తరబడి మంచం, కొడుకు ఉద్యోగానికి సెలవు మీద సెలవు. మన పుస్తకంలో మాత్రం ఇప్పటికీ ఆమె రెండు రోజుల్లో బాగైన మనిషే. ఆ ఏడాది వార్షికోత్సవంలో ఆ ఆస్పత్రికి మనం శాలువా కూడా కప్పాం.

అందుకే ఈ ఆపరేషన్ చరిత్ర కొంచెం చదివాం. అందులో మన పేటకు దగ్గర సంగతే ఒకటి ఉంది.

1985 సెప్టెంబరు 12న జర్మనీలోని బోబ్లింగెన్ అనే ఊళ్లో ఎరిక్ మ్యూహె అనే సర్జన్ మొదటిసారి కడుపు పెద్దగా కోయకుండా, గొట్టంలోంచి చూస్తూ గాల్‌బ్లాడర్ తీశాడు. మరుసటి ఏడాది సర్జన్ల మహాసభలో చెబితే పెద్దలు మెచ్చుకోలేదు. 1987లో ఫ్రాన్సులోని లియోన్‌లో ఫిలిప్ మూరే చేశాక గానీ ప్రపంచం ఇటు తిరగలేదు. ఆ తర్వాత మూడేళ్లకు, 1990 మే 31న, మన దేశంలో మొదటిది జరిగింది. ఎక్కడో కాదు, బైకుల్లా జె.జె. ఆస్పత్రిలో. ఈ ఊరి ఇళ్లూ రోడ్లూ కట్టడానికి వచ్చిన మన కామాటీల పేరు మీద వెలసిన కామాటిపుర నుంచి నడిచి వెళ్లేంత దూరం! చేసినవారు డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా. 1972 నుంచే ఆయన అదే ఆస్పత్రిలో దుర్బీన్‌తో కడుపులోకి చూసి రోగం ఏమిటో కనిపెట్టేవారు. ఇది డబ్బున్నవాళ్ల షోకు కాదు, రోజు కూలి మీద బతికేవాడికే త్వరగా పనిలోకి పోవడం ఎక్కువ అవసరం అని ఆయన వాదన. మన తాతలు మిల్లుల్లో నాగా పెడితే ఏమయ్యేదో తెలిసిన మనకు ఆ మాట ఎవరూ విడమరచనక్కర్లేదు.

అయితే అదే కాలంలో అమెరికాలో పరుగుపందెం నడిచింది. రోగులే అడుగుతున్నారు, పక్క ఆస్పత్రి చేస్తోంది, మనం వెనకబడితే ఎలా అని సర్జన్లు రెండు మూడు రోజుల శిక్షణ తీసుకుని, పందుల మీద చేసి చూసుకుని, సోమవారం మనుషుల మీద మొదలుపెట్టారు. పాత పద్ధతితో సరిగ్గా పోల్చి చూసేలోపే కొత్తది దేశమంతా పాకింది. 1991లో దక్షిణాది రాష్ట్రాల సర్జన్లు కొందరు కలిసి తాము చేసిన 1,518 ఆపరేషన్ల లెక్క బయటపెట్టారు. పసరు గొట్టానికి దెబ్బ తగిలింది 7 మందికి, అంటే నూటికి అర. చిన్న అంకె అనిపిస్తుంది. కానీ వాళ్లు ఇంకొక అడుగు వేసి, ఒక్కో బృందం చేసిన మొదటి 13 మందిని విడిగా లెక్కేశారు. అక్కడ నూటికి 2.2. ఆ తర్వాతి వాళ్లలో 0.1. అంటే చెయ్యి తిరిగేదాకా అయిన నేర్పు ఖర్చు మొదటి 13 మంది రోగుల కడుపుల మీద పడింది. ఆ రోగుల్లో ఎవరికైనా తమ వరుస నంబరు ఎంతో తెలుసా అని మాకు అనుమానం. మరుసటి ఏడాది న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ, ఒంటరిగా చేసే ముందు కనీసం 15 ఆపరేషన్లు అనుభవజ్ఞుల ఎదుట చేసి ఉండాలని చెప్పింది.

దెబ్బ ఎందుకు తగులుతుంది? గాల్‌బ్లాడర్ పక్కకు వేలాడే సంచి. దాని సన్న గొట్టం వెళ్లి పెద్ద గొట్టంలో కలుస్తుంది. వాపుంటే అవి రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఒక్కటిగా కనిపిస్తాయి. 2003లో అమెరికా డాక్టర్లు ఇలాంటి 252 దెబ్బలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, నూటికి 97 వాటిలో అసలు కారణం కంటికి కలిగిన భ్రమ. చెయ్యి వణకడం కాదు, తెలివి లేకపోవడం కాదు. ఇదే సన్న గొట్టం అని గట్టిగా నమ్మి పెద్దదాన్ని కోశారు. దీనికి విరుగుడు 1995లోనే స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ చెప్పాడు: కొవ్వంతా తీసి శుభ్రం చేసి, సంచి కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీసి, సంచిలోకి పోయేవి రెండే రెండు, ఒక గొట్టం, ఒక రక్తనాళం, అని కళ్లారా చూసేదాకా ఏదీ కోయొద్దు. కనబడకపోతే ఆగు, అవసరమైతే కడుపు తెరువు.

ఇక్కడ మన తప్పు కూడా ఒకటుంది. దుర్బీన్‌తో మొదలుపెట్టి మధ్యలో కోత పెట్టారంటే "డాక్టర్‌కు చేతకాలేదు" అని మన చాల్‌లలో మాట్లాడుకుంటాం. ఆ అపవాదుకు భయపడే డాక్టర్ కనబడకపోయినా ముందుకే పోతాడు. ఏది లెక్కపెడతామో దాన్నిబట్టే మనుషులు నడుచుకుంటారు.

పుండు ఎంత చిన్నది, ఎన్ని రోజుల్లో ఇల్లు అనే లెక్కలో మోసం ఎంతుందో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ డాక్టర్లు 1996లో చూపించారు. మాకు బాగా నచ్చిన సంగతి ఇది. 200 మంది రోగుల్లో కొందరికి దుర్బీన్‌తో, కొందరికి చిన్న కోతతో చేసి, అందరికీ ఒకే రకం కట్టు కట్టారు. ఎవరికి ఏది అయిందో రోగికీ తెలియదు, చూసుకునే నర్సుకూ తెలియదు. తీరా చూస్తే ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, పనిలోకి వెళ్లడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దుర్బీన్‌కే ఆపరేషన్ సమయం ఎక్కువ పట్టింది. పోల్చింది చిన్న కోతతో, పాతకాలపు జానెడు కోతతో కాదు. కాబట్టి దుర్బీన్ దండగ అని ఎవరూ అనుకోవద్దు. త్వరగా ఇంటికి రావడంలో కొంత భాగం "త్వరగా వచ్చేస్తాం" అన్న నమ్మకానిదే అని మాత్రం తేలింది.

మరి ఏది లెక్కపెట్టాలి? 1992లో క్లావియన్ అనే సర్జన్, ఆయన తోటివాళ్లు 650 గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు ముందు పెట్టుకుని ఒక పద్ధతి తయారుచేశారు. తర్వాత ఏదైనా ఇబ్బంది వస్తే, దాన్ని సరిచేయడానికి ఏం చేయాల్సి వచ్చిందో దాన్నిబట్టి మెట్లు. మందుతో పోయిందా, మళ్లీ ఆపరేషన్ అయిందా, ప్రాణమే పోయిందా. "చిన్న సమస్య" అని తేలికగా దాటేసే వీలు లేదు. 2004లో దీన్ని సవరించాక ప్రపంచమంతా వాడుతోంది. స్వీడన్‌లో 2005 నుంచి గాల్‌బ్లాడర్ ఆపరేషన్లకే దేశమంతటికీ ఒక రిజిస్టరు ఉంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఇంకా ధైర్యం చేశారు. బరువు తగ్గించే ఆపరేషన్లు దుర్బీన్‌తో చేసే 20 మంది సర్జన్లు తలా ఒక వీడియో ఇచ్చారు. పేరు తెలియకుండా తోటి సర్జన్లే మార్కులు వేశారు. తక్కువ మార్కులు వచ్చిన వర్గం రోగుల్లో నూటికి 14.5 మందికి ఇబ్బందులు వచ్చాయి, ఎక్కువ మార్కుల వర్గంలో 5.2. ఇది 2013లో అచ్చయింది.

వీటన్నిటికీ ముత్తాత లాంటివాడు బోస్టన్ డాక్టర్ ఎర్నెస్ట్ కాడ్‌మన్. ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ పిలిచి చూడాలని, ఫలితం రాసిపెట్టాలని ఆయన పట్టు. పెద్ద ఆస్పత్రి వినకపోతే 1914లో బయటికొచ్చేశాడు. తన సొంత చిన్న ఆస్పత్రిలో 1911 నుంచి 1916 వరకు 337 మంది రోగులు, 123 పొరపాట్లు అని తానే అచ్చువేసుకున్నాడు.

మేము కాడ్‌మన్‌లం కాము. మన పుస్తకంతో ఏ ఆస్పత్రి మంచిదో తేల్చలేం కూడా. నూటికి అర చొప్పున జరిగేది నలభై మంది లెక్కలో కనబడదు. కనబడినా అది దురదృష్టమో చేతగానితనమో చెప్పలేం. కానీ మన మనిషికి ఏమైందో మనకు తెలియాలి కదా. అందుకని కార్యవర్గంలో మాట్లాడి పుస్తకంలో కొత్త గడి గీశాం: ముప్పయ్యో రోజు. ఆ రోజు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగాలి. జ్వరం, కామెర్లు వచ్చాయా? మళ్లీ చేర్చారా? ఇంకో ఆపరేషన్ అయిందా? పనిలోకి ఎప్పుడు వెళ్లారు? మధ్యలో కోత పెట్టారా అన్నది కూడా రాస్తాం, తప్పుగా కాదు.

పాతవాళ్లకు కూడా ఫోన్లు మొదలుపెట్టాం. కొన్ని నంబర్లు పనిచేయడం లేదు, కొందరు ఊరికి వెళ్లిపోయారు. "ఇన్నేళ్లకు గుర్తొచ్చామా" అని ఒక కాక నిలదీశాడు. అన్నమాట నిజమే.

తమ్ముడికి ఆస్పత్రి పేరు చెప్పలేదు. డాక్టర్‌ను అడగమని మూడు ప్రశ్నలు రాసిచ్చాం: ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, మీ రోగుల్లో పసరు గొట్టానికి దెబ్బ తగిలినవి ఎన్ని, లోపల సరిగా కనబడకపోతే ఏం చేస్తారు? ఒక డాక్టర్ విసుక్కున్నాడట. ఇంకొకరు కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పారట. వాళ్లమ్మకు వచ్చే గురువారం అక్కడే ఆపరేషన్.

ఫోన్లు చేసే పనికి ముందుకొచ్చిన మొదటి మనిషి ఆ అక్కే. ఆమెకు తోడుగా ఇంకా ఇద్దరు కావాలి, మరాఠీ, హిందీ వచ్చినవాళ్లయితే మంచిది. ఆదివారం సాయంత్రం కార్యాలయానికి రండి, పుస్తకం అక్కడే ఉంటుంది.