కప్పు మనది, పట్టికల రెండో స్థానం

2021-22ల ఐఎస్ఎల్ కప్పు హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచింది. ఆ ఏటి పట్టిక తీస్తె మనోళ్లు రెండో స్థానంల ఉంటరు. 'గిది తప్పురా అన్నా' అని జహీరాబాద్‌ల మా తమ్ముడు నాతోని కొట్లాటకు దిగిండు. తప్పు గాదు. పట్టిక ఒక్క లీగ్ మ్యాచ్‌ల లెక్కనే: గెలిస్తె 3, డ్రా అయితె 1. జంషెడ్‌పూర్‌కు 43, మనకు 38. కప్పు ఆ తర్వాత ప్లేఆఫ్స్‌ల తేలింది.

పాయింట్లు సమానమైతెనే అసలు కిరికిరి. ఇంగ్లండ్‌ల ముందు గోల్స్ తేడా జూస్తరు. 2011-12ల రెండు మాంచెస్టర్ జట్లకూ 89 పాయింట్లే. సిటీకి +64, యునైటెడ్‌కు +56, టైటిల్ సిటీ కొట్టింది. స్పెయిన్‌ల ముందు ఆ రెండు జట్లు ఒకదానితోని ఒకటి ఆడిన మ్యాచ్‌లు జూస్తరు. 2006-07ల గోల్స్ తేడా బార్సిలోనాదే ఎక్కువ, టైటిల్ మాత్రం రియల్ మాడ్రిడ్‌కు పోయింది. అందుకే పాత పట్టిక దాసిపెడితె ఆ ఏటి రూల్ గూడ కింద రాయాలె. లేకుంటె ఇరవై ఏండ్ల తర్వాత చూసినోడు తప్పనే అంటడు. ఆర్ఎస్ఎస్ఎస్ఎఫ్ అనే అభిమానుల బృందం 1994 నుంచి ఇంటర్నెట్‌ల గీ లెక్కలే జమ జేస్తున్నది.

2025ల మన క్లబ్బు ఢిల్లీకి పోయింది, పేరు గూడ మారింది. 2023-24ల 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లతోని అట్టడుగున పడ్డ పట్టికను గూడ నేను ఫోన్‌ల దాసుకున్న. అండ్ల ఇంకా హైదరాబాద్ అనే ఉన్నది.