చందా కట్టి చుక్కల్లోకి

మా అక్క కొడుకు చికాగోలో ఉంటాడు. మొన్న ఫోన్లో మాట్లాడుతూ, "ఈ నెలతో చందా ఆపేస్తున్నాను పిన్నీ. కొత్త భాగాలు మొదలయ్యాక మళ్ళీ కడతాను" అన్నాడు. ఏ పత్రిక చందాయో అనుకున్నాను. కాదట! 'స్టార్ ట్రెక్' చూడటానికి నెలనెలా కట్టే చందా.

ఆ కథ నాకూ లీలగా గుర్తే. 1980లలో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో వచ్చేది. కోణపు చెవుల స్పాక్‌ని చూసి భయపడి మా నాన్న వెనక దాక్కున్నాను. "అప్పుడు ఊరికే చూపించేవాళ్ళు కదరా?" అన్నాను. "ఊరికే ఎప్పుడూ రాలేదు పిన్నీ. ఒక్కో కాలంలో ఒక్కోలా కట్టారు" అన్నాడు. చదివి చూస్తే వాడన్నది నిజమే!

1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్.బి.సి. టెలివిజన్‌లో ఈ కథ మొదలైంది. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. నిర్మించిన డెసిలూ స్టూడియోకి యజమానురాలు హాస్యనటి లూసిల్ బాల్. చూసేవాళ్ళు పైసా ఇవ్వక్కర్లేదు, మధ్యమధ్య వచ్చే ప్రకటనలు ఓర్చుకుంటే చాలు. కానీ ప్రకటనలిచ్చేవాళ్ళకి కావలసింది తలల లెక్క. ఆ లెక్కలో ఇది వెనకబడింది.

రెండో ఏడాది ఇక ఆపేస్తారన్న వార్త పొక్కగానే, బీజో ట్రింబుల్ అనే అభిమాని తన భర్తతో కలిసి ఉత్తరాల ఉద్యమం లేవదీసింది. లక్షకు పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయని అప్పటి లెక్క. ఆ 1968 జనవరిలోనే అక్కడ ఉత్తరం ఖర్చు 5 సెంట్ల నుంచి 6 సెంట్లకు పెరిగింది. అంటే ఈ కథకి ప్రేక్షకులు కట్టిన మొదటి చందా ఆరు సెంట్ల తపాలా బిళ్ళ అన్నమాట! చివరికి మార్చి 1న, కథ కొనసాగుతుందని ఎన్.బి.సి. వారు తెరమీదే ప్రకటించుకోవలసి వచ్చింది.

ఆ ముచ్చట ఏడాదే. మూడోసారి దాన్ని శుక్రవారం రాత్రి పదింటికి తోసేశారు. కుర్రకారు ఇంటిపట్టున ఉండే వేళా అది? 79 భాగాలతో 1969లో ఆగిపోయింది. విచిత్రమేమిటంటే, ఆగాకే అది బతికింది. ఊరూరి టెలివిజన్ కేంద్రాలు పాత భాగాలనే మళ్ళీ మళ్ళీ వేస్తుంటే అభిమానులు పెరిగారు. 1979లో సినిమా వచ్చింది, టిక్కెట్లు కొన్నారు. తరవాత క్యాసెట్లు, డిస్కులు వచ్చాయి, అవీ కొన్నారు.

2017 సెప్టెంబరు 24న పద్ధతి మారింది. 'డిస్కవరీ' అనే కొత్త కథ మొదటి భాగాన్ని సి.బి.ఎస్. వారు మామూలు టెలివిజన్‌లో అందరికీ చూపించారు. తరవాతి భాగాలు మాత్రం తమ ఇంటర్నెట్ చందాదారులకే అన్నారు. ప్రకటనలతో అయితే నెలకి 5.99 డాలర్లు, అవి లేకుండా అయితే 9.99. రుచి చూపించి తలుపు వేసెయ్యటమంటే ఇదే!

ఇతర దేశాల్లో అది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చేది. 2021 నవంబరులో నాలుగో విడత ఇంకా రెండు రోజులుందనగా అక్కడనుంచి తీసేశారు. నిర్మాతల సొంత సర్వీసు ఇంకా చాలా దేశాలకి చేరనేలేదు. డబ్బిస్తాం మొర్రో అన్నా కట్టించుకునే దిక్కులేదు. అభిమానులు గోలపెడితే, కొద్ది రోజుల్లోనే కొన్ని ఐరోపా దేశాల్లో ప్రకటనలతో ఉచితంగా చూపించారు. 2023లో పిల్లల కోసం తీసిన 'ప్రాడిజీ'ని సొంత సర్వీసులోంచే తొలగించారు. మళ్ళీ వేలమంది సంతకాలు! ఆ కథని నెట్‌ఫ్లిక్స్ తీసుకుంది. రెండో విడత 2024లో వచ్చింది. ఉత్తరాలు పోయాయి గానీ వాటి సత్తా పోలేదు.

1996 నాటి సినిమాలో కెప్టెన్ పికార్డ్, తమ కాలంలో డబ్బనేదే లేదని చెబుతాడు. డబ్బే లేని ఆ రేపటిని చూడటానికి ఈవేళ నెలనెలా డబ్బు కట్టాలి! కష్టపడి తీసినవాళ్ళకి కూలి ముట్టాల్సిందే, కలం పట్టి బతికే నేను కాదంటానా? నా బాధల్లా ఒకటే. డబ్బు కట్టినా కథ మనది కావటంలేదు. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుంది.

మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి, దారంతో కుట్టి, ట్రంకుపెట్టెలో దాచేది. ఆ పత్రికల్లో కొన్ని ఎప్పుడో ఆగిపోయాయి. కథలు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఈ మాటే మావాడితో అంటే నవ్వాడు. "అందుకే పిన్నీ, పాత 79 భాగాలూ డిస్కులు కొని అలమారలో పెట్టుకున్నాను."

"అచ్చంగా మీ అమ్మమ్మ బుద్ధేరా నీది!" అన్నాను.