149 డాలర్ల చిప్పు, 669 డాలర్ల వేగం

"బడ్జెట్టు ఇంతే. మదర్‌బోర్డు మార్చే ఉద్దేశం లేదు. ఆట మాత్రం ఆగకుండా ఆడాలి. ఏ ప్రాసెసర్ వేసుకోమంటారు?" ఈ ప్రశ్న ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఆట పేరు మారుతుంది. ఒకప్పుడు క్వేక్, తర్వాత కౌంటర్ స్ట్రైక్, ఆ తర్వాత వాలరెంట్. జేబు పరిస్థితి మాత్రం మారదు. మనవాళ్ళు దీన్ని షాపింగు ప్రశ్నలా చూస్తారు గానీ నాకైతే ఇదొక చరిత్ర ప్రశ్న. తక్కువ డబ్బుకి ఎక్కువ వేగం ఎప్పుడు దొరికింది, ఎప్పుడు దొరకలేదు అని వెతుక్కుంటూ పోతే, సిలికాన్ కంటే ఎక్కువగా మార్కెటింగు డిపార్ట్‌మెంటే కనిపిస్తుంది.

ఉదాహరణకి, 1991లో ఇంటెల్ 486ఎస్‌ఎక్స్ అని ఒక చౌక ప్రాసెసర్ తెచ్చింది. మొదట్లో వచ్చినవి అసలు 486డీఎక్స్ చిప్పులే. లోపల ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఉంది, దాన్ని పనిచెయ్యకుండా కట్టేశారంతే. సరే, కొన్నవాడికి కొన్నాళ్ళకి ఆ యూనిట్ కావాలనిపిస్తే? 487ఎస్‌ఎక్స్ అని ఒక "కోప్రాసెసర్" అమ్మారు. నిజానికి అది పూర్తిస్థాయి 486. పక్క సాకెట్లో పెట్టగానే పాత చిప్పుని నిద్రపుచ్చి పనంతా తనే చేసుకునేది. మన భాషలో చెప్పాలంటే బైనరీ ఒకటే, లైసెన్స్ కీ వేరు. ఇది మనం రోజూ సాఫ్ట్‌వేర్‌లో చేసే పనే కాబట్టి వాళ్ళని మరీ తిట్టే హక్కు మనకి లేదేమో!

అప్పట్లో ఆటగాళ్ళకి దీనివల్ల పెద్ద నష్టం జరగలేదు. 1993 నాటి డూమ్ కూడా పూర్ణాంకాల లెక్కలతోనే నడిచేది. అసలు గొడవ 1996 జూన్‌లో ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ క్వేక్‌తో మొదలైంది. గోడ మీద రాళ్ళ బొమ్మని దూరాన్ని బట్టి వంకర లేకుండా గీయాలంటే ప్రతి పిక్సెల్‌కీ ఒక భాగహారం కావాలి. అప్పటి ప్రాసెసర్లకి అది మోయలేని బరువు. మైకేల్ అబ్రాష్ అసెంబ్లీలో రాసిన కోడ్ ప్రతి 16 పిక్సెళ్ళకి ఒక్కసారే భాగహారం చేసి, మధ్యవాటిని సరళరేఖలా సర్దేసేది. పెంటియంలో ఉన్న సుగుణం ఏంటంటే, ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఆ భాగహారంతో కుస్తీ పడుతూ ఉండగానే పూర్ణాంకాల యూనిట్ పక్కన పిక్సెళ్ళు గీసేసుకునేది. అంటే భాగహారం దాదాపు ఉచితం అన్నమాట.

పెంటియం కొనలేనివాడు ఏం చేసేవాడు? సైరిక్స్ 6ఎక్స్86 కొనేవాడు. అందులో పీ166+ అనే మోడల్ నిజంగా నడిచేది 133 మెగాహెర్ట్జ్ మీదే. కానీ వర్డ్, ఎక్సెల్ లాంటి వాటిలో 166 పెంటియంకి దీటుగా ఉండేది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. ఆఫీసు పనికి అందులో అబద్ధమేమీ లేదు. క్వేక్ పెట్టగానే గుట్టు బయటపడింది. దాని ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌కి పైప్‌లైనింగ్ లేదు, పైగా అబ్రాష్ కోడ్ పెంటియం కొలతలకి కుట్టిన చొక్కా. తక్కువ రకం పెంటియంలు కూడా దాన్ని దాటేసి పోయాయి. డబ్బు మిగుల్చుకుందామని కొన్న పిల్లలకి మిగిలింది స్లైడ్ షో. 1997లో సైరిక్స్‌ని నేషనల్ సెమీకండక్టర్ కొనేసింది. కారణం క్వేక్ ఒక్కటే అనను గానీ, ఒక్క ఆట ఒక చిప్పు పరువు తీసిన సందర్భం మాత్రం ఇదే.

1996 డిసెంబర్‌లోనే క్వేక్‌వరల్డ్ వచ్చింది. మోడెమ్ మీద ఆడేవాడు మీట నొక్కాక సర్వర్ జవాబు కోసం ఎదురుచూడకుండా, వాడి కంప్యూటరే కదలికని ముందుగా ఊహించి చూపించి, తర్వాత సర్వర్ చెప్పినదానితో సరిచేసుకునే పద్ధతి దీనితోనే జనంలోకి వెళ్ళింది. ఇవాళ్టి ఆన్‌లైన్ షూటర్లన్నీ ఆ పద్ధతి వారసులే. దూరంగా ఉన్న సర్వర్ ఎంత గట్టిదైనా, ఆ ఊహించే పని పడేది ఇంట్లో ఉన్న ప్రాసెసర్ మీదే.

ఇక 1998కి వద్దాం. చౌక మార్కెట్టులో ఏఎండీ కే6 ఇంటెల్‌కి పక్కలో బల్లెంలా తయారైంది. ఇంటెల్ కంగారుగా ఏప్రిల్‌లో సెలెరాన్ 266 దింపింది. పెంటియం-2 లోంచి రెండో స్థాయి కాష్ మొత్తం పీకేసి ధర తగ్గించారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. దాంతో ఆగస్టు 24న దిద్దుబాటుగా సెలెరాన్ 300ఏ వచ్చింది. ధర 149 డాలర్లు. అదే రోజు పెంటియం-2 450 కూడా విడుదలైంది, దాని ధర 669 డాలర్లు.

300ఏ లో 128 కిలోబైట్ల కాష్‌ని ప్రాసెసర్ ఉన్న సిలికాన్ ముక్క మీదే పెట్టారు. కాబట్టి అది ప్రాసెసర్‌తో సమాన వేగంతో నడిచేది. పెంటియం-2కి 512 కిలోబైట్లు ఉన్నా, అవి కార్ట్రిడ్జ్‌లో వేరే చిప్పుల్లో ఉండి సగం వేగంతోనే నడిచేవి. ఖరీదైనదానిలో కాష్ ఎక్కువ, చౌకదానిలో కాష్ దగ్గర. చవగ్గా చెయ్యబోయి కొన్ని పనుల్లో మెరుగైనదాన్నే చేసి కూర్చున్నారు.

రెండో విషయం బస్సు. 300ఏ గుణకం 4.5 దగ్గర బిగించేశారు. 66 మెగాహెర్ట్జ్ బస్సు మీద 4.5 రెట్లంటే 300. గుణకాన్ని ముట్టుకోలేం సరే, బస్సుని 100కి పెంచితే? 450! ఇంటెల్ సొంత 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డులు 100 మెగాహెర్ట్జ్ బస్సుతో అప్పటికే మార్కెట్లో ఉన్నాయి. అబిట్ బీహెచ్6 లాంటి బోర్డులో జంపర్లు కూడా అక్కర్లేదు, బయాస్ మెనూలో ఒక అంకె మారిస్తే చాలు. బోర్డు ఒప్పుకోకపోతే కార్ట్రిడ్జ్ అంచున బీ21 అనే కాంటాక్ట్ మీద చిన్న టేపు ముక్క అంటించేవారు. "నేను 66 దాన్ని" అని ప్రాసెసర్ బోర్డుకి చెప్పుకునేది ఆ కాంటాక్ట్ ద్వారానే. టేపు వేస్తే నోరు మూసినట్టు. బోర్డు 100 అనుకుని నడిపేసేది.

75, 83 లాంటి మధ్య అంకెల కంటే 100 ఎందుకు సుఖమో కూడా చెప్పాలి. బస్సు 66 అయితే పీసీఐకి దాన్ని రెండుతో భాగించి 33 ఇస్తారు. 100 అయితే మూడుతో భాగించి మళ్ళీ 33. కానీ 83 పెడితే చాలా బోర్డులు రెండుతోనే భాగించేవి, పీసీఐ 41కి పైన పరిగెత్తేది. అప్పుడు ప్రాసెసర్ బానే ఉండేది, హార్డ్ డిస్క్ డేటా పాడయ్యేది. 100 దగ్గర మిగతా మెషీన్ మొత్తానికి అసలు ఏమీ జరిగినట్టే తెలియదు. అన్ని 300ఏలూ 450 ఎక్కలేదు, కొన్నిటికి 2.0 వోల్టుల బదులు కాస్త ఎక్కువ ఇవ్వాల్సి వచ్చేది, కొన్ని ఎంత ఇచ్చినా మొండికేసేవి. కానీ చాలావరకు ఎక్కేవి. ఎక్కినది క్వేక్-2లో 669 డాలర్లదానితో దాదాపు సమానంగా నడిచేది.

ఇంటెల్ గుణకాలు బిగించడానికి చెప్పుకున్న కారణం రీమార్కింగ్. తక్కువ వేగం చిప్పు మీద ముద్ర చెరిపి ఎక్కువ వేగం ముద్ర వేసి అమ్మే ముఠాలు అప్పట్లో నిజంగానే ఉండేవి. ఆ కారణం నేను ఒప్పుకుంటాను. కానీ అదే తాళం కొన్నవాడి చేతులు కూడా కట్టేస్తుందని వాళ్ళకి తెలియదంటే మాత్రం నమ్మను.

మన ఊళ్ళో ఈ కథ నడిచిన చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటేనే అందరికీ తెలుస్తుంది. అక్కడ బాక్స్ పీసు, ట్రే పీసు అని రెండు మాటలు మొదట నేర్చుకోవాలి. బాక్స్ పీసుకి కంపెనీ మూడేళ్ళ వారంటీ ఉంటుంది. ట్రే పీసుకి షాపువాడి మాటే వారంటీ. నాకు ఓసారి ఒక షాపాయన బాక్స్ రేటు తీసుకుని ట్రే పీసు చేతిలో పెట్టి, "డబ్బాతో ఏం పని సార్, లోపల అదే కదా" అన్నాడు. 486ఎస్‌ఎక్స్ అమ్మినవాళ్ళకి ఈయన్ని పరిచయం చెయ్యాలనిపించింది.

ఇంకో సంగతి, అమెరికా వెబ్‌సైట్లలో రాసిన ఓవర్‌క్లాకింగ్ పాఠాల్లో మన ఎండాకాలం ఉండేది కాదు. జనవరిలో నిలకడగా నడిచిన 450, మే నెల మధ్యాహ్నం రెండింటికి నీలం తెర చూపించేది. బయాస్‌లోకి వెళ్ళి మళ్ళీ 300కి దించుకోవడం, వానలు పడ్డాక పెంచుకోవడం... వ్యవసాయంలాగే ఇదీ రుతువుల మీద ఆధారపడిన వృత్తి. అన్నట్టు, మన దగ్గర 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టినా, డయలప్ మీద టెలిఫోన్ బిల్లు కట్టుకుంటూ షూటర్ ఆడే స్తోమత ఎంతమందికి ఉండేది? మనవాళ్ళ ఆన్‌లైన్ అంటే ఎక్కువగా నెట్ సెంటర్లో ఒకే గదిలోని లాన్. అక్కడ పింగ్ బాధ లేదు. ఓడిపోతే తప్పు ప్రాసెసర్‌ది, లేకపోతే మనది.

ప్రాసెసర్‌ది అంటే నవ్వులాటకి అనడం లేదు. 1999 డిసెంబర్‌లో వచ్చిన క్వేక్-3 అరీనా చూడండి. అందులో ఆటగాడి వేగాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ పూర్ణాంకానికి రౌండ్ చేసేవారు. ఆ రౌండింగ్ వల్ల సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయన్నదాన్ని బట్టి జంప్ ఎత్తు మారిపోయేది. 125 ఫ్రేముల దగ్గర లెక్క బాగా కలిసొచ్చి ఎక్కువ ఎత్తు ఎగరగలిగేవారు. కొన్ని చోట్ల మెగాహెల్త్ అందుకోవాలంటే అలా ఎగిరితేనే కుదిరేది. అంటే మంచి ప్రాసెసర్ ఉన్నవాడు అక్షరాలా పైకి ఎగిరేవాడు, లేనివాడు కిందే ఉండేవాడు! దీన్ని సమం చెయ్యడానికి తర్వాత సర్వర్లలో పీమూవ్_ఫిక్స్‌డ్ అని ఒక సెట్టింగు పెట్టారు. బడ్జెట్ ప్రాసెసర్ గురించి ఎవరైనా "ఆటలకే కదా, అంత ఆరాటం ఎందుకు" అంటే నాకు ఈ జంపే గుర్తొస్తుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఏఎండీ వంతు. 2000లో వచ్చిన డ్యూరాన్, అథ్లాన్ చిప్పుల పైభాగంలో ఎల్1 అని కొన్ని చిన్న వంతెనలుండేవి. ఫ్యాక్టరీలో లేజర్‌తో వాటిని కోసి గుణకాన్ని బిగించేవారు. మామూలు పెన్సిల్‌తో ఆ కోతల మీద గీతలు గీస్తే, గ్రాఫైట్ కరెంటుని దాటించి తాళం ఊడిపోయేది. రూపాయి పెన్సిల్! 2001లో అథ్లాన్ ఎక్స్‌పీ వచ్చేసరికి లేజర్ లోతుగా గుంటలు తవ్వింది, పెన్సిల్ చాలలేదు. జనం ముందు గుంటని జిగురుతో పూడ్చి, పైన కరెంటు పారే రంగు పూసేవారు. 2003లో వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీ 2500+ అయితే 300ఏకి సొంత తమ్ముడే. గుణకం 11, బస్సు 166. బస్సుని 200 చేస్తే 2.2 గిగాహెర్ట్జ్, అంటే సరిగ్గా 3200+ అని పేరు పెట్టి నాలుగు వందల డాలర్లకి పైన అమ్మిన చిప్పు. కాష్ కూడా సమానమే.

ఈ తలుపు మూసుకున్నది 2011లో, శాండీ బ్రిడ్జ్‌తో. అందులో అన్నిటినీ ఒకే క్లాక్‌కి కట్టేశారు. దాన్ని నాలుగైదు శాతం పెంచితే పీసీఐ ఎక్స్‌ప్రెస్‌తో సహా అన్నీ గోల పెడతాయి. గుణకం తాళం తెరిచినవి కావాలంటే పేరు చివర కే ఉన్నవి, ఎక్కువ డబ్బిచ్చి కొనాలి. 2014లో ఇంటెల్ పాత జ్ఞాపకాల కోసం అన్నట్టు పెంటియం జీ3258ని తాళం తీసి 72 డాలర్లకి ఇచ్చింది. బానే పరిగెత్తేది కానీ కోర్లు రెండే. అదే ఏడాది చివర వచ్చిన ఫార్ క్రై 4 రెండు కోర్ల మెషీన్‌లో నల్ల తెర చూపించి ఊరుకుంది. వేగం పెంచుకోగలం, లేని కోర్లని ఏ పెన్సిల్‌తో గీస్తాం?

అందుకే ఇప్పుడు తక్కువ ఖర్చు అప్‌గ్రేడ్ కథంతా సాకెట్ చుట్టూ తిరుగుతోంది. 2017లో రైజెన్‌తో పాటు జనంలోకి వచ్చిన ఏఎమ్4 సాకెట్ విషయంలో ఏఎండీ 2020 మేలో, రాబోయే జెన్ 3 చిప్పులు పాత 400 సిరీస్ బోర్డుల్లో పనిచెయ్యవని ప్రకటించింది. బయాస్ చిప్పులు చాలావాటిలో 16 మెగాబైట్లే, ఇన్ని ప్రాసెసర్లకి చోటు చాలదు అని వాదన. జనం ఊరుకోలేదు. అదే నెలలో కంపెనీ మాట మార్చుకుంది. 2022లో 300 సిరీస్ బోర్డులకీ అనుమతి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీలో కాష్ మీద కాష్ పేర్చి 96 మెగాబైట్లు చేశారు. క్లాక్ వేగం మామూలు 5800ఎక్స్ కంటే తక్కువ, ఓవర్‌క్లాకింగ్‌కి తాళం. అయినా ఆటల్లో దాన్ని కొట్టేసింది. 1998లో 300ఏ చూపించినది కూడా ఇదే కదా, ఆటకి కాష్ దగ్గరగా ఉండాలి. అప్పుడది 149 డాలర్లు, ఇది మొదట్లో 449. 2024 జనవరిలో 5700ఎక్స్3డీ 249కి వచ్చాక గానీ మనలాంటివాళ్ళ మాట వినపడలేదు.

ఇంతకీ మార్చాలా వద్దా అంటే, ఆటలో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే అడ్డం పడుతున్నది గ్రాఫిక్స్ కార్డు. పెరగకపోతే ఎక్కువగా ప్రాసెసరే. పింగ్ 120 ఉంటే ఏ ప్రాసెసరూ దాన్ని తగ్గించదు, ఆ డబ్బు ఉంచుకోండి. ప్రాసెసరే అని తేలితే, పాత చిప్పు ఇంకా బోర్డు మీద ఉండగానే బయాస్ అప్‌డేట్ చేసుకోండి. దాన్ని తీసేసి కొత్తది పెట్టాక చేద్దామంటే చాలా బోర్డులు తెరే వెలిగించవు.