గంగానది చారలచేప – మతిమరపు రోగము



కన్నకొడుకును గుర్తింపలేని ముదుసలి తల్లిని జూచి ‘చాదస్తము’ అని నవ్వి యూరకొన్న యిండ్లు మన గ్రామములలో లేకపోలేదు. అది చాదస్తము గాదు, మెదడునకు గలిగిన రోగమని చూపినవాడు ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ అను జర్మనీదేశపు వైద్యుడు. ఏబదియేండ్ల ప్రాయముననే జ్ఞాపకశక్తి గోల్పోయి మరణించిన యొక స్త్రీ మెదడును పరీక్షించి, 1906 నవంబరు 3వ తేదీన ట్యూబింగన్ పట్టణమున వైద్యసభలో నాతడు ప్రసంగించెను. కణముల నడుమ గట్టిన ముద్దలను, కణములలో జిక్కువడిన పోగులను వర్ణించెను. సభలో నొక్కరును ప్రశ్న యడుగలేదట!

ఆయన చూచినది రోగము ముగిసిన పిదపటి మెదడు. ఇల్లు కాలి బూడిదయైన పిమ్మట నిప్పు మొదట నే మూల రాజుకొన్నదో యెట్లు తెలియును? బ్రతికియున్న మనుష్యుని మెదడును కోసి చూడరాదు గదా. ఈ చిక్కు విప్పుటకు నొక చిరుచేప తోడ్పడుచున్నది.

ఆ చేప మన దేశపుదే. టిప్పు సుల్తాను పతనానంతరము 1800లో మైసూరుసీమ నంతయు తిరిగి వ్రాసిన ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్, 1822లో ప్రకటించిన గంగానదీ మత్స్యముల గ్రంథమున దీనిని వర్ణించెను. చిటికెనవ్రేలికన్న పొట్టి, ఒడలెల్ల నీలిచారలు. అందుచే జీబ్రాచేప యనిరి. చిరకాలము గాజుతొట్లలో నలంకారముగా మాత్రమే యుండెను.

దీనిని శాస్త్రశాలకు దెచ్చినవాడు హంగరీలో జన్మించి, బాల్యముననే నాజీల భయమున అమెరికా చేరిన జార్జి స్ట్రైసింగర్. ఈ చేప గ్రుడ్డు తల్లి కడుపు వెలుపలనే ఫలించును. పిండము గాజువలె పారదర్శకము. ఒక్క దినములో మెదడు రూపు గట్టును, గుండె కొట్టుకొనును. ఆరెగన్ విశ్వవిద్యాలయమున నాతడు జరిపిన పరిశోధనలు 1981లో వెలువడినవి. పిమ్మట రసాయనములచే జన్యువులను చెడగొట్టి, వేలకొలది చేపలను పరిశీలించి, క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్ బృందమువారు 1996లో ఫలితములు ప్రకటించిరి. ఎచ్చట ననుకొన్నారు? ఆల్జ్‌హైమరు ప్రసంగించిన ఆ ట్యూబింగన్‌లోనే.

అయినను రసాయనపు పని కన్నులు మూసికొని తాటాకుపై గంటము పొడుచుటవంటిది. ఏ యక్షరము చెడునో ముందుగా తెలియదు. 2012లో ఎమ్మాన్యుయెల్ షార్పెంటియె, జెన్నిఫర్ డౌడ్నాలు సూక్ష్మజీవులు వైరసులనుండి తమ్ము గాచుకొను పద్ధతిని జన్యువులను కోయు సాధనముగా మార్చిరి. దానికి క్రిస్పర్ అని పేరు. కోరిన తావును వెదకి పట్టుకొను తునక యొకటి, అచ్చట తెగగోయు మాంసకృత్తు వేరొకటి. ఈ రెంటిని సన్నని గాజుసూదితో ఏకకణమాత్రమైన గ్రుడ్డులోనికి నెక్కింతురు. కణము తెగిన కొసలను తిరిగి యతుకునప్పుడు ఒకటిరెండక్షరములు జారిపోవును, పదము చెడును. మరుసటి యేడే యిది చేపయందు సఫలమయ్యెను. మానవ జన్యువులలో నూటికి 70 పాళ్లకు ఈ చేపయందు జంట గలదని 2013లోనే తేలినది.

కొన్ని వంశములలో మతిమరపు నడివయసుననే వచ్చుటకు ప్రెసెనిలిన్-1 అను జన్యువు చెడుటయే కారణమని 1995లో కనుగొనిరి. ఆస్ట్రేలియాలోని అడిలెయిడ్ విశ్వవిద్యాలయమువారు అట్టి లోపమునే చేపయందు కల్పించిరి. తల్లిదండ్రులనుండి వచ్చు రెండు ప్రతులలో నొకదానినే చెడగొట్టిరి. మనుష్యులందును అంతియే గదా. ఆరు నెలల పడుచు చేపల మెదడును పరీక్షింపగా, ప్రాణవాయువుతో శక్తిని పుట్టించు జన్యువుల నడవడి యప్పటికే మారియుండెను. నా దృష్టిలో నిదియే ఈ చరిత్రమున ముఖ్యఘట్టము: బూడిదను గాక, నిప్పురవ్వను చూడ మొదలిడిరి.

అట్లని తొందరపడరాదు. చేప తన మెదడులో నశించిన కణములను చాలవరకు తిరిగి పుట్టించుకొనగలదు. మనకా శక్తి లేదు. ఒక జన్యువును చెడగొట్టిన నొకప్పుడు మరియొకటి దాని పని నెత్తికెత్తుకొనునని 2015లో జర్మనీలో కనుగొనిరి. ఈ రోగమును సమూలముగా మాన్పు మందు నేటికిని లేదు. ఉన్నదని చెప్పి సొమ్ము గుంజువారిని నమ్మకుడు.

మన హైదరాబాదులో 1977లో నెలకొల్పబడిన సీసీఎంబీయందును ఈ చేపలను పెంచి పరిశోధనలు సాగించుచున్నారు.