వలసపక్షుల త్రోవలు: ఉంగరము నుండి కంప్యూటరు పటము వరకు

సూర్యాపేట జిల్లాలో అనంతగిరి, కోదాడ ప్రాంతములందు చలికాలము రాగానే చెరువుల అంచున కాటుకపిట్టలు తోకలాడించుచు తిరుగును. వీనిలో ఒక జాతి ఏడాది పొడుగునా మనతోనే ఉండును. తక్కిన జాతులు వేసవి ముదిరేలోగా మాయమగును. అవి ఎచ్చటినుండి వచ్చినవి? ఎచ్చటికి పోయినవి? ఏ త్రోవను పోయినవి? ఈ మూడు ప్రశ్నలలో మూడవదానికి జవాబు దొరకుటకు చాలకాలము పట్టినది.

1822లో జర్మనీలో కొంగజాతి పెద్దపక్షి నొకదానిని వేటాడగా, దాని మెడలో ఆఫ్రికా ఖండపు బాణము గ్రుచ్చుకొని యుండెను. ఆ పక్షి ఆఫ్రికాకు పోయి వచ్చినదని దానితో రుజువయ్యెను. 1899లో డెన్మార్కు దేశపు బడిపంతులు మార్టెన్‌సెన్, గోరువంకజాతి పక్షుల కాళ్లకు సంఖ్యలు చెక్కిన అల్యూమినియం ఉంగరములు తొడిగి విడిచెను. వలసల శాస్త్రీయ పరిశోధన కిది పునాది.

మన ప్రాంతము నాడు నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యములోని పక్షులను 1931-32లో సలీం అలీ సర్వే చేసి, ఏ జాతి ఎచ్చట, ఎప్పుడు కనబడినదో నమోదు చేసెను. 1957లో మైసూరు రాష్ట్రమందలి క్యాసనూరు అడవిలో ఒక క్రొత్త జ్వరము బయటపడెను. దానిని వ్యాపింపజేయు పిడుదులను వలసపక్షులు మోసికొని వచ్చెనేమో యని అనుమానము కలిగెను. 1959లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో, పక్షులకు విరివిగా ఉంగరములు తొడుగ నారంభించెను.

కాని ఉంగరము తెలుపునది రెండు చోట్లనే: తొడిగిన చోటు, మరల దొరికిన చోటు. నడుమ త్రోవ మన ఊహ మాత్రమే. 1978లో ప్రారంభమైన ఆర్గోస్ ఉపగ్రహ వ్యవస్థ ఈ లోటును తీర్చెను. పక్షి వీపుపై నుంచిన చిన్న యంత్రము పంపు సంకేతపు పౌనఃపున్యములోని మార్పును బట్టి దాని స్థానమును లెక్కకట్టుదురు.

ఇట్లు వచ్చునవి అంకెలే: అక్షాంశము, రేఖాంశము, తేదీ, వేళ. వీనిని పటముగా మార్చునది సాఫ్ట్‌వేరు. బాతు ఒక్క గంటలో వేయి కిలోమీటర్లు పోయినట్లు చూపు బిందువును అది తప్పుగా గుర్తించి తొలగించును. మిగిలిన బిందువులను కాలక్రమమున కలిపి, నెలకొక రంగు వేసి, కదలు బొమ్మగా చూపును.

ఇట్టి పటము వలన మేలు కలుగునా? 2012లో నాగాలాండులోని డోయాంగు జలాశయము వద్ద వేలకొలది అమూరు డేగలు వలలలో పడి చచ్చెను. మరుసటి ఏడు గ్రామసభలు ఆ వేటను నిషేధించెను. ఆ 2013 నవంబరులోనే మూడు డేగలకు యంత్రములు కట్టి, నాగా, పాంగ్టీ, వోఖా అని పేర్లు పెట్టిరి. పాంగ్టీ ఆ ఊరి పేరే; వోఖా ఆ జిల్లా పేరు. దక్కను మీదుగా అరేబియా సముద్రమును దాటి దక్షిణాఫ్రికాకు పోవు త్రోవ పటముపై గీతయై కనబడగా, తమ ఊరి అతిథి ఎంతదూరపు బాటసారియో ఆ ఊరివారు కన్నులార చూచిరి.

యంత్రము కట్టని పక్షుల మాటేమి? 2002లో అమెరికాలో ప్రారంభమైన ఈబర్డ్ వ్యవస్థ సామాన్యులు వ్రాసి పంపు పట్టికలను కూర్చి, ఏ జాతి ఏ వారమున ఎచ్చట ఉండునో అంచనా వేయును. ఇచ్చటనే జాగ్రత్త అవసరము. పటముపై మన మండలము ఖాళీగా కనబడినచో, పక్షులు లేవని కాదు; చూచి వ్రాసినవారు లేకపోవచ్చును. అందుకే చూచిన జాతులనన్నిటిని, చూచిన వ్యవధిని, నడచిన దూరమును వ్రాయవలెను. అట్లు వ్రాసిననే, “చూచితిమి, లేదు” అనుటకును “చూడనేలేదు” అనుటకును భేదము యంత్రమునకు తెలియును.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులతో వారమునకొకమారు ఒకే చెరువు గట్టుపై, ఒకే వేళ, అరగంటసేపు నిలిచి లెక్క వ్రాయించవచ్చును. పేరు తెలియని పిట్టకు పేరు పెట్టక, “తెలియదు” అని వ్రాయుట నేర్పవలెను. తొలి ఉంగరము తొడిగినవాడును బడిపంతులే. పటమును గీయునది కంప్యూటరే గాని, అందలి ప్రతి చుక్క ఎవరో ఒకరు కన్ను విప్పి చూచినదే.