పాత చందాదారు బేరము

మన ఊళ్లలో వీధి మొగనున్న దుకాణమున ఒక ఖాతా పుస్తకముండెడిది. ఏళ్ల తరబడి అక్కడనే సరుకు తెచ్చుకొనెడి ఇల్లాలికి, తూకము ముగిసిన తరువాత దుకాణదారు చేతినిండ కొసరు వేసెడివాడు. ఆ పూటకు వచ్చిన పరాయివానికి తూకము తూకమే. పాత ఖాతాకు అదొక మర్యాద. ఇంటర్‌నెట్‌ను ఇంటికి చేర్చెడి బ్రాడ్‌బ్యాండ్ వ్యాపారమున ఈ మర్యాద తలక్రిందులైనది. ఇక్కడ కొసరు కొత్తవానికి. పాతవానికి తూకములోనే తరుగు.

ఈ విపరీతమెట్లు పుట్టినది, పాత చందాదారు తన కొసరును అడిగి పుచ్చుకొనుట ఎట్లు నేర్చినాడు అన్న కథ బ్రిటను దేశమున చాల స్పష్టముగా కనబడును. అక్కడ ఈ తగవు బహిరంగముగా జరిగినది. దాని ప్రతి మలుపునకు ఒక తేదీ ఉన్నది. మన తెలుగు కుటుంబములు అనేకము ఆ దేశమున కాపురముండి నెలనెలా ఈ చందా కట్టుచున్నవి గనుక, ఇది మనకు బొత్తిగా పరుల కథయు కాదు.

1912 జనవరి 1వ తేదీన బ్రిటిషు తపాలా శాఖ, నేషనల్ టెలిఫోన్ కంపెనీ అను ప్రైవేటు సంస్థను తనలో కలుపుకొన్నది. అప్పటినుండి డెబ్బది ఏండ్లపాటు దాదాపు దేశమంతటికి ఒక్కటే టెలిఫోను యజమాని. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత టెలిఫోను కావలెనన్నవారు వరుసలో నిలువవలసి వచ్చినది. వచ్చినప్పుడైనను పలుమారు రెండిండ్లకు ఒకే తీగ. పొరుగింటివారు మాట్లాడుచున్నంతసేపు వీరు ఊరకుండవలసినదే. టెలిఫోనుకు అర్జీ పెట్టుకొని ఏళ్లకొలది ఎదురుచూచిన మన తండ్రుల తరమువారికి ఈ స్థితిని వేరుగా వివరింపనక్కరలేదు. ఆ దినములలో పాత చందాదారు అనగా అదృష్టవంతుడు. అతనికి బేరమన్న ఊహయే రాదు. బేరమాడుటకు రెండవ దుకాణమేది?

1981లో టెలిఫోను శాఖను తపాలానుండి విడదీసి బ్రిటిష్ టెలికామ్ అను సంస్థగా నిలిపినారు. మరుసటి సంవత్సరము మెర్క్యురీ అను పోటీ కంపెనీకి అనుమతి దొరకినది. 1984లో కొత్త శాసనము వచ్చినది. ఆ నవంబరులో బ్రిటిష్ టెలికామ్ వాటాలలో సగమునకు కొంచెము మించి ప్రజలకు అమ్మినారు. ధరలను కనిపెట్టుటకు ఆఫ్‌టెల్ అను నియంత్రణ కార్యాలయము వెలసినది. 1991లో ఇద్దరికే పరిమితమైన పోటీని ఎత్తివేసి మరికొందరికి తలుపు తెరచినారు. వినుటకు ఇదంతయు గొప్ప మార్పే. కాని వీధి స్తంభమునుండి ఇంటి గోడవరకు వచ్చెడి రాగితీగ మాత్రము అధిక సంఖ్యాకుల విషయమున ఆ పాత యజమానిదే. కొత్త వ్యాపారికి ఇంటిలోనికి దారి లేదు.

ఆ దారి తీగను పంచుకొనుటతో ఏర్పడినది. 2001 జనవరి 2 నుండి అమలైన ఐరోపా సమాజపు నిబంధన ప్రకారము, తీగ యజమాని ఆ తీగను ఇతర కంపెనీలకు అద్దెకు ఈయవలెను. చట్టమైతే వచ్చినది గాని పని నత్తనడక నడచినది. యజమానియే పోటీదారుగా ఉన్నప్పుడు పొరుగువానికి తాళపుచెవి ఇచ్చుటలో తొందర పడునా? ఆఫ్‌టెల్ స్థానమున 2003 చివర పని మొదలుపెట్టిన ఆఫ్‌కామ్ అను సంస్థ గట్టిగా పట్టుబట్టగా, 2005 సెప్టెంబరులో బ్రిటిష్ టెలికామ్ కొన్ని కట్టుబాట్లకు ఒప్పుకొన్నది. వాని ఫలితముగా 2006 జనవరిలో తీగల వ్యవహారమును చూచుటకు ఓపెన్‌రీచ్ అను వేరు విభాగము ఏర్పడినది. అందరికి ఒకే షరతులపై తీగను అద్దెకిచ్చుట దాని విధి.

ఇక్కడనే మన కథ అసలు మలుపు తిరుగుచున్నది. తీగ ఒక్కటే, అమ్మెడివారు పదుగురు. సరుకులో భేదము స్వల్పము గనుక పోటీ అంతయు ధరమీదనే సాగినది. 2006 ఏప్రిల్‌లో టాక్‌టాక్ అను కంపెనీ, టెలిఫోను చందా తీసికొన్నవారికి బ్రాడ్‌బ్యాండ్ ఉచితమని ప్రకటించి సంచలనము కలిగించినది. ఉచితమన్న మాట ఏ వ్యాపారి నోట వచ్చినను, ఆ ఖర్చు ఏ పద్దులో వ్రాసినాడో చూడవలెను. కంపెనీలలో వాడుకైన పద్ధతి ఇది: కొత్తవానికి పండ్రెండు లేక పదునెనిమిది నెలల ఒడంబడికకు చౌక ధర, గడువు తీరిన మరునాటినుండి పూర్తి ధర. గడువు తీరినదని చెప్పెడివారు లేరు. సేవ యథాప్రకారము సాగును, బిల్లు మాత్రము పెరుగును. కొత్తవాని రాయితీలో పడిన గండి, మెదలకుండ కూర్చున్న పాతవాని చందాతో పూడుచుండెను.

మారదలచినవానికి ఏమి దారి? 2007 ఫిబ్రవరి 14 నుండి ఆఫ్‌కామ్ ఒక నియమము పెట్టినది. వెళ్లదలచిన చందాదారు తన పాత కంపెనీని అడిగినచో, అది అయిదు పనిదినములలో ఒక అనుమతి సంకేతమును ఈయవలెను. ఆ సంకేతము ముప్పది దినములు చెల్లును. దానిని కొత్త కంపెనీకి చూపినచో మార్పు సుఖముగా జరుగును. అంతకు పూర్వము కొన్ని కంపెనీలు ఆ సంకేతము ఈయకుండ తిప్పించెడివి గనుక ఇది మేలైన నియమమే. కాని దీనిలో ఒక చమత్కారమున్నది. పుట్టింటికి పోవుటకు అత్తగారి సెలవు అడిగినట్లు, వదలిపోవుటకు వదలబడుచున్నవానినే అనుమతి అడుగవలెను.

చందాదారు టెలిఫోను చేసి సంకేతము కావలెననును. అవతలివారు మర్యాదగా, ఒక్క నిమిషముండుడని చెప్పి, వేరొక గదికి కలిపెదరు. ఆ గదిలోనివారి ఉద్యోగమే, పోవువారిని నిలుపుట. మొదట కారణమడిగెదరు. తరువాత విచారము వెలిబుచ్చెదరు. పిమ్మట, నిన్నటిదాక ఏ ప్రకటనలోను కానరాని ధర యొకటి బయటికి వచ్చును: ఆరు నెలలు సగము చందా, లేక అదే ధరకు ఎక్కువ వేగము. చీరల కొట్టులో బేరము కుదరక లేచి గడపదాక వెళ్లిన తరువాత, "అమ్మా, ఒక్కమాట" అని వెనుకకు పిలిచెడి వర్తకుని మనమెరుగుదుము గదా! తెలిసినవారు సంకేతము చేత పుచ్చుకొని, అది చెల్లెడి ముప్పది దినములును బేరమునకు వాడుకొన్నారు. వెళ్లవలెనని కాదు, వెళ్లగలమని చూపుటకు. పాత చందాదారుకు మంచి ధర దొరకుటలోని రహస్యమంతయు ఆ గడపదగ్గరనే ఉన్నది.

అయితే గడపదాక నడువలేనివారి మాటేమి? ధరకొరకు వాదించుట తమ మర్యాదకు తక్కువని తలచెడి వృద్ధులు, భాష కొత్తయైన వలసదారులు, పగలంతయు పనిలో నుండి కంపెనీవారి టెలిఫోను సంగీతము వినుటకు తీరికలేనివారు - వీరెవ్వరును లేచి నిలువలేదు. ఒకే వీధిలో, ఒకే తీగమీద, ఒకే వేగమునకు గడుసరి యొక ధర, నోరులేనివాడు వేరొక ధర కట్టినారు. బేరము నేర్చినవాని లాభము కంపెనీ పెట్టెలోనుండి వచ్చినదని అనుకొందుము. అందులో కొంత పొరుగింటి ముసలమ్మ కట్టినది కూడ కావచ్చును. ఈ సంగతి తలచినప్పుడు గడుసరితనమును నేను పూర్తిగా మెచ్చుకొనలేకున్నాను.

ఆఫ్‌కామ్ కూడ ఇట్టి ఆలోచనకే వచ్చినది. పోవువానిని ఆపి బ్రతిమాలుటకు కంపెనీకి అవకాశమున్నంతకాలము అది అందరికి ధర తగ్గింపదు, లేచినవానికే తగ్గించును. అందుచేత 2015 జూన్ 20 నుండి ఓపెన్‌రీచ్ తీగలమీద సంకేతపు పద్ధతి రద్దైనది. కొత్త కంపెనీకి చెప్పిన చాలును, మిగిలినది అదియే చూచుకొనును. బేరగాండ్రకు ఒక సాకు పోయినది. నా మట్టుకు అది న్యాయమైన నష్టమే. కాని వేరు తీగలు గల కేబుల్ కంపెనీలకు మారువారికి ఈ సౌకర్యము వర్తింపలేదు. వారు రెండువైపుల తామే మాట్లాడుకొని, తేదీలు కుదరనిచో కొన్నాళ్లు రెండు బిల్లులు కట్టుటయో, రెండును లేక కూర్చుండుటయో జరిగెడిది.

2018 సెప్టెంబరు 28న ఈ కథకు ఒక పేరు దొరకినది. రెండవ ప్రపంచ యుద్ధము ప్రకటింపబడిన మరునాడు, 1939లో, సామాన్యుల చిక్కులు తీర్చుటకు పుట్టిన సిటిజెన్స్ అడ్వైస్ అను సేవాసంస్థ, పోటీ వ్యవహారముల అధికార సంస్థకు ఒక మహాఫిర్యాదు దాఖలు చేసినది. 2002 నాటి చట్టము కొన్ని వినియోగదారుల సంస్థలకు ఇట్టి ప్రత్యేక హక్కు నిచ్చినది. వారు ఫిర్యాదు చేసినచో తొంబది దినములలో బదులు చెప్పి తీరవలెను. బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ ఫోను, గృహబీమా, ఇంటి తాకట్టు అప్పులు, పొదుపు ఖాతాలు - ఈ అయిదు వ్యాపారములలోను పాత ఖాతాదారులు ఏటేట 410 కోట్ల పౌనులు అదనముగా చెల్లించుచున్నారని ఆ సంస్థ లెక్కగట్టినది. దానికి వారు పెట్టిన పేరు విశ్వాసపు జరిమానా. నమ్మి ఉన్నందుకు వేసెడి దండుగ అన్నమాట. ఆ డిసెంబరులోనే అధికార సంస్థ ఈ బాధ నిజమేనని ఒప్పుకొన్నది.

తరువాత బీమాకు ఒక దారి, బ్రాడ్‌బ్యాండ్‌కు ఒక దారి ఏర్పడినవి. గృహ, వాహన బీమాలలో పాతవానినుండి కొత్తవానికంటె ఎక్కువ పుచ్చుకొనరాదని 2022 జనవరి 1 నుండి నిషేధమే వచ్చినది. బ్రాడ్‌బ్యాండ్‌కు అట్టి నిషేధము రాలేదు. దానికి బదులు ఒక ఉత్తరము వచ్చినది. 2020 ఫిబ్రవరి 15 నుండి, ఒడంబడిక తీరుటకు నలువది దినములనుండి పది దినముల మధ్య, కంపెనీయే చందాదారుకు తెలియజేయవలెను. గడువెప్పుడు తీరును, ఇప్పుడెంత కట్టుచున్నారు, తరువాత ఎంత కట్టవలసివచ్చును, కంపెనీవద్దనున్న మేలైన ధరలేవి, కొత్తవారికి ఏమి ధర ఇచ్చుచున్నది - ఇవన్నియు అందులో ఉండవలెను. గడువు తీరియు మారకున్నవారికి ఏటికొకసారి జ్ఞాపకము చేయవలెను. కొత్తవానికిచ్చెడి ధరను పాతవానికి వ్రాసి పంపుమనుట, వర్తకునిచేతనే అతని రహస్యపు పద్దును చదివించుట వంటిది.

ఆ దేశముననున్న మనవారికి ఈ చరిత్రవలన కలుగు ప్రయోజనము కూడ ఆ ఉత్తరముతోనే మొదలగును. దానిని ప్రకటన కాగితమనుకొని పారవేయరాదు. తమ ఇంటికి ఏయే కంపెనీల తీగలు వచ్చునో, వాని ధరలేమో ముందు చూచుకొని, పాత కంపెనీకి టెలిఫోను చేసి కొత్తవాని ధరయే తమకును కావలెనని అడుగవచ్చును. నెల చందా ఒక్కటే కాక ఒడంబడిక కాలమంతటికి మొత్తమెంత అగునో కూడ అడుగవలెను. ఎందుకనగా నడుమ పెంచుట యనునది వేరొక తంత్రము. ద్రవ్యోల్బణమునకు తోడు ఇంత శాతమని ఒడంబడికలో చిన్న అక్షరములతో వ్రాసియుండుటచే, 2023 వసంతమున కొన్ని కంపెనీల చందాదారులకు ఒక్కసారిగా 14.4 శాతము పెరిగినది. 2025 జనవరి 17 నుండి చేసికొనెడి కొత్త ఒడంబడికలలో అట్టి శాతములు చెల్లవు. పెంపు ఏదైనను ఎన్ని పౌనులు, ఎన్ని పెన్నీలు, ఎప్పటినుండి అని ముందే చెప్పవలెను. ప్రభుత్వ సహాయముమీద జీవించువారికి అనేక కంపెనీలు వేరుగా తక్కువ చందా పెట్టినవి గాని, అడిగినవారికే అది దొరకుచున్నది.

బెదిరింపు నిజమైనదిగా ఉండవలెనన్నచో వెళ్లుట సులభము కావలెను గదా. ఏ తీగనుండి ఏ తీగకైనను ఒక్క మాటతో మారెడి పద్ధతిని 2023 ఏప్రిల్ 3 నుండి తెత్తుమన్నారు; కంపెనీల సన్నాహము పూర్తికాక, 2024 సెప్టెంబరు 12కు గాని అది రాలేదు. ఇప్పుడు చందాదారు కొత్త కంపెనీతో మాట్లాడిన చాలును. గడువుకు ముందే పోవుచున్నచో కట్టవలసిన రుసుము ఏమైన ఉన్నయెడల, పాత కంపెనీ వెంటనే దానిని తెలుపవలెను.

మన దేశమునను ఇట్టి గడప ఒకటి లేకపోలేదు. 2010 నవంబరు 25న హర్యానాలోను, 2011 జనవరి 20న మన ఆంధ్రప్రదేశముతో సహా దేశమంతటను, పాత నంబరుతోనే మొబైల్ కంపెనీని మార్చుకొనెడి హక్కు వచ్చినది. 1900కు సందేశము పంపిన సాయంత్రమే కంపెనీనుండి తియ్యని కబురు వచ్చిన ఇండ్లు మన ఊళ్లలో చాల ఉన్నవి. ఆ హక్కు మొబైల్ నంబరుకే. ఇంటికి వచ్చెడి తీగకు లేదు.

బ్రిటనులో రాగితీగ స్థానమున గాజుతీగ వచ్చుచున్నది. పెద్ద పట్టణములలో ఒకే వీధికి రెండు మూడు కంపెనీలు తమ తమ తీగలు లాగినవి. అక్కడ పాత చందాదారు గొంతు సవరించుకొన్న చాలును, ధర దిగును. ఒక్క తీగయే చేరిన పల్లెలు మరికొన్ని ఉన్నవి. అచ్చట ఆ తీగమీద అమ్మెడి కంపెనీలను పోల్చుకొనుట సాధ్యమైనచోట కొంత బేరము జరుగుచున్నది. తీగయు ఒకటే, అమ్మువాడును ఒకడే అయినచోట, ఉత్తరము వేళకే వచ్చును, మేలైన ధరయని అందులో ఒక్క అంకెయే ఉండును.